హోమ్ టౌన్ ఎల్‌టీసీ మీద అండమాన్

డిసెంబర్ 22 తెల్లవారుజామున కూకట్‌పల్లిలో స్వెట్టరూ దాని మీద శాలువా చెవులకి స్కార్ఫూ చుట్టుకుని క్యాబ్ ఎక్కినదాన్ని, తొమ్మిది దాటేసరికి పోర్ట్ బ్లెయిర్ ఎయిర్‌పోర్ట్ బయట నిలబడి ఆ స్వెట్టర్ ఏ బ్యాగులో కుక్కాలా అని చూస్తున్నా. చెమటలు కారిపోతున్నాయి. ఊరి పేరు 2024లో శ్రీ విజయపురం అని మార్చారు కానీ మాకు కనపడ్డ ప్రతివాళ్ళూ పోర్ట్ బ్లెయిర్ అనే అన్నారు, నేనూ అలాగే రాస్తా, అలవాటైన పేరు నోట్లోంచి పోదు కదా.

అసలు ఈ ట్రిప్ ఎలా కుదిరిందంటే మావారు సెంట్రల్ గవర్నమెంట్ ఉద్యోగి, పెళ్ళైన 24 ఏళ్ళలో మేము హోమ్ టౌన్ ఎల్‌టీసీ (సొంతూరు వెళ్ళిరావడానికి గవర్నమెంట్ ఇచ్చే ప్రయాణ ఖర్చులు) పెట్టి వెళ్ళింది ఎక్కడికయ్యా అంటే ఎప్పుడూ సోంపేటే. వాళ్ళ ఊరు సోంపేట దగ్గర, ఉద్దానం అంటారు కదా కొబ్బరి తోటలూ జీడి తోటలూ, అక్కడ. రైలెక్కడం, అత్తగారింట్లో దిగడం, నాలుగు రోజులు పనస ముక్కల కూర తినడం, తిరిగి రావడం. హనీమూన్ అంటారా, అన్నవరంలో వ్రతం చేయించుకుని కొండ దిగి ప్రసాదం తిన్నాం, అదే మా హనీమూన్. ఈ ఏడాది వాళ్ళ ఆఫీసులో ఎవరో చెప్పారట, నాలుగేళ్ళ బ్లాకులో ఒక హోమ్ టౌన్ ఎల్‌టీసీని మార్చుకుని అండమాన్‌కి ఫ్లైట్‌లో వెళ్ళొచ్చు, అలా సడలింపు ఉంది అని. ఈయన ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ "అండమాన్ వెళ్దామా?" అన్నారు, ఏదో కూరగాయలు తేనా అన్నంత మామూలుగా. అమ్మాయి హాస్టల్లో ఉంది, సెమిస్టర్ పరీక్షలు, అడ్డు చెప్పేవాళ్ళు లేరు. నేను వెంటనే ఒప్పేసుకున్నా, మళ్ళీ మనసు మార్చుకుంటారేమోనని.

ఎయిర్‌పోర్ట్ దగ్గర మాకు పెట్టిన కారు డ్రైవర్ ముప్ఫై ఏళ్ళ కుర్రాడు, చక్కగా హిందీలో మాట్లాడుతూ లగేజీ సర్దాడు. మావారి హిందీ సంగతి తెలిసిందే, "అచ్ఛా అచ్ఛా" దగ్గర ఆగిపోతుంది. బండి కదిలేలోపు ఆ అబ్బాయికి ఫోనొచ్చింది, ఎత్తి, "నానిక్కడే ఉన్నాను, బేగి వచ్చీస్తాను, నువ్వు తినీ" అన్నాడు.

మావారు ముందు సీట్లోంచి మెల్లగా అతనివైపు తిరిగారు. నాకు వెనకనుంచి ఆయన చెవి మాత్రమే కనపడుతోంది, కానీ ఆ చెవి చూసి కూడా చెప్పొచ్చు మనిషి ఎంత సంతోషపడ్డాడో.

"ఏ ఊరు తమ్ముడూ మీది?"

"కవిటి దగ్గిరన్నా. మీరు తెలుగోళ్ళా! ముందే సెప్పొచ్చు కదేటి."

ఇంక అయిపోయింది. కవిటి దగ్గర ఏ ఊరు, ఏ వీధి, ఎవరి మనవడివి, మీ అమ్మ కన్నోరు ఏ ఊరు. పది నిమిషాల్లో ఎక్కడో ఒక పెళ్ళి సంబంధం పట్టుకున్నారు, అటు తిప్పి ఇటు తిప్పి చివరికి "అయితే నువ్వు నాకు బావవి" అని తేల్చేశాడు ఆ అబ్బాయి, నేను అక్కనైపోయా. హోటల్ వచ్చేసింది, ఇద్దరూ ఇంజన్ ఆపేసి ఇంకా మాట్లాడుతూనే ఉన్నారు, నేను దిగి నా బ్యాగు నేనే తీసుకున్నా.

తర్వాత తెలిసింది, ఇదేమీ వింత కాదట అక్కడ. 2011 జనాభా లెక్కల్లోనే అండమాన్ నికోబార్‌లో నూటికి 13 మంది మాతృభాష తెలుగు, బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత మనదే. వాళ్ళల్లో శ్రీకాకుళం వైపు వాళ్ళు చాలామంది, చేపల వేటకనీ తాపీ పనులకనీ వైజాగ్‌లో ఓడెక్కి వచ్చినవాళ్ళూ వాళ్ళ పిల్లలూ. మాకు అండమాన్ అంటే కొత్తగా పెళ్ళైన జంటలు ఇన్‌స్టాలో పెట్టే నీలం నీళ్ళు. మావారి ఊళ్ళో "అండమాను ఎల్పోనాడు" అంటే పదో తరగతి తప్పాడు, కూలికి పోయాడు అని అర్థం. ఆ మాట ఆయన నాకు ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదు, ఆ రోజు రాత్రి చెప్పారు. ఈయనతో చదువుకున్న వాళ్ళే నలుగురు వచ్చారట అలా.

ఇంకో సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. మాది బెజవాడ. పెళ్ళైన కొత్తలో ఈయన "ఏటి", "ఎలగ", "బేగి" అంటుంటే మా అన్నయ్యలు భోజనాల దగ్గర అనుకరించి నవ్వేవాళ్ళు, నేనూ నవ్వేదాన్ని, అబద్ధమెందుకు. ఆరు నెలల్లో ఈయన మాట మార్చేసుకున్నారు, అసలు ఎప్పుడు మార్చుకున్నారో కూడా నేను గమనించలేదు, మా అమ్మాయికి అయితే వాళ్ళ నాన్నకి యాస ఉందనే తెలీదు. అలాంటిది ఆ కారులో కూర్చుని 24 ఏళ్ళ తర్వాత ఆపకుండా ధారగా వస్తుంటే, వెనక సీట్లో నాకు ఎవరో కొత్త మనిషితో టూర్‌కి వచ్చినట్టు అనిపించింది.

సరే, ఊరు సంగతికి వద్దాం. అండమాన్‌లో మొదట అలవాటు కావలసింది పొద్దు. డిసెంబర్‌లో సాయంత్రం ఐదు దాటిందో లేదో సూర్యుడు మునిగిపోతాడు, ఐదున్నరకి చిమ్మచీకటి. మన గడియారం 82½ డిగ్రీల రేఖ లెక్కన, అది మన కాకినాడ దగ్గర్నుంచి పోతుందని చిన్నప్పుడు సోషల్‌లో చదువుకున్నాం కదా, ఈ దీవులేమో 92 డిగ్రీలు దాటి ఉన్నాయి, డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున కాకినాడ కంటే దగ్గర దగ్గర 40 నిమిషాలు ముందు నడుస్తుంది పొద్దు, టైమ్ మాత్రం ఒకటే. కాబట్టి మధ్యాహ్నం భోంచేసి కాసేపు నడుం వాల్చి నాలుగింటికి బయల్దేరదాం అనే మన పద్ధతి అక్కడ పనికిరాదు. మొదటి రోజు మేము చేసింది సరిగ్గా అదే, బీచ్‌కి వెళ్ళేసరికి అంతా ఇంటికి పోతున్నారు.

సెల్యులర్ జైలు మాత్రం నెమ్మదిగా చూశాం. 1906కి కట్టడం పూర్తయింది, చక్రం ఆకుల్లాగా మధ్య బురుజు నుంచి ఏడు వరసలు ఉండేవి, ఇప్పుడు మూడే మిగిలాయి. ఒక వరసలోని గదుల ముఖం పక్క వరస వీపు వైపుకి ఉంటుంది, ఎదుటి మనిషి కనపడకూడదని. గడియ చూడండి, తలుపు మీద కాదు, పక్క గోడలో లోపలికి గూడు చేసి అందులో పెట్టారు, లోపలి మనిషి చువ్వల్లోంచి చెయ్యి ఎంత చాపినా అందదు. మావారు లోపలికెళ్ళి నిజంగా చెయ్యి చాపి చూశారు, అందలేదు. రంప పితూరీలో అల్లూరితో కలిసి నడిచిన గాం మల్లుదొరకి శిక్ష వేసి అండమాన్‌కే పంపారు, మళ్ళీ ఆయనే 1952లో లోక్‌సభకి ఎన్నికయ్యాడు. మాకు దొరికిన గైడ్ ఆయన పేరు ఎత్తలేదు, మన డ్రైవర్ బాబుకి తెలీదు, ఈయనే గేటు బయట టీ తాగుతూ అతనికి ఆ కథంతా చెప్పారు.

మర్నాడు హావ్‌లాక్. దీనికీ పేరు మారింది, 2018 నుంచి స్వరాజ్ ద్వీప్. ఫెర్రీలో గంటన్నర, ఏసీ, సినిమా హాల్లో లాగా సీట్లు, కిటికీ తెరవడానికి ఉండదు. నాకు వాంతులు. హైదరాబాద్‌లో మాకు ప్యాకేజీ అమ్మినాయన "సముద్రం అద్దంలా ఉంటుంది మేడమ్" అన్నాడు, ఆ అద్దం ఎక్కడుందో నాకైతే కనపడలేదు, ఈశాన్యం గాలి కొట్టి పడవ ఊగుతూనే ఉంది. అయ్యా, వెళ్ళేవాళ్ళు అరగంట ముందే వాంతుల మాత్ర వేసుకోండి, ఎక్కాక వేసుకుంటే అది కూడా బయటికే వస్తుంది. మావారు మాత్రం పక్కన కూర్చుని పల్లీలు తింటూనే ఉన్నారు.

రాధానగర్ బీచ్ గురించి అందరూ రాసేశారు, నేనేం కొత్తగా రాస్తాను, బాగుంది, ఫొటోల్లో కంటే బాగుంది. అడవి నీడలోంచి నడిచి ఒక్కసారిగా ఇసక మీదకి వస్తాం, మైదాపిండి లాంటి ఇసక. మొసళ్ళున్నాయి జాగ్రత్త అని బోర్డు కూడా ఉంది, ఆ బోర్డు చూశాక నేను మోకాలు లోతు దాటలేదు. పొద్దు గుంకగానే లైఫ్‌గార్డులు ఈలలేసి అందర్నీ నీళ్ళలోంచి బయటికి తోలేశారు.

అసలు కథ ఎలిఫెంట్ బీచ్‌లో. స్నార్కెలింగ్ అంటే తెలుసు కదా, కళ్ళకీ ముక్కుకీ కలిపి ఒక అద్దాల మాస్క్, నోట్లో గొట్టం, బోర్లా తేలుతూ కింద పగడాలు చూడ్డం. గైడ్ కుర్రాడు ముందు మాస్క్ అద్దంలో ఉమ్మి, వేలితో రాసి, కడిగి నాకిచ్చాడు. ఆవిరి పట్టకుండా ఉంటుందట. నేను మొహం చిట్లించేసరికి "మీది మీరే ఉమ్ముకోండి మేడమ్" అని ఇంకోటి ఇచ్చాడు. నాది బానే సెట్టయింది. మావారిది మాత్రం పెట్టిన రెండు నిమిషాలకి ముక్కు దాకా నీళ్ళు. మార్చాడు, మళ్ళీ నీళ్ళు. మూడోదీ అంతే. అప్పుడు ఆ కుర్రాడు ఈయన మొహం తేరిపార చూసి, మీసం సందుల్లోంచి నీళ్ళొస్తున్నాయి సార్, తీసేస్తే సరిపోతుంది, రేపు రండి అన్నాడు హిందీలో.

మావారి మీసం గురించి మీకు తెలీదు. పెళ్ళిచూపుల్లో మా అమ్మమ్మ "మీసం నిండుగా ఉంది" అని ఒప్పుకుంది ఈ సంబంధానికి. అది కాకపోయినా మా మామగారు ఉన్నారు, 81 ఏళ్ళు, రోజూ తోటకి వెళ్ళొచ్చే మనిషి. తండ్రి ఉండగా కొడుకు మీసం తీయకూడదని మా వైపు కంటే అటువైపు పట్టింపు ఎక్కువ. "చేప కోసం మీసం తీయించుకుంటానేంటి నేను" అని ఇంగ్లీషూ హిందీ తెలుగూ కలిపి ఆ కుర్రాడికి చెప్తున్నారు, వాడికి ఒక్క ముక్క అర్థం కాక "వేసలీన్ హై సార్" అన్నాడు. చివరికి మీసం నిండా వేసలీన్ దట్టించి దాని మీద మాస్క్ బిగించారు. నీళ్ళు ఆగాయి! కానీ బయటికొచ్చాక ఆ మీసానికి ఇసకంతా అతుక్కుని పెసరట్టు మీద అల్లం ముక్కల్లాగా, రెండు రోజులు సబ్బుతో కడిగినా జిడ్డు పోలేదు, పడుకుంటే హోటల్ దిండుకి మరకలు.

నీళ్ళ కింద మాత్రం ఒకటి చెప్పాలి. అక్కడ నిశ్శబ్దంగా ఉంటుందనుకున్నా, కాదు. కటకటమని అప్పడం కొరికినట్టు చప్పుడు. ఏంటా అని చూస్తే చిలక ముక్కు లాంటి నోరున్న పచ్చటి చేప, పేరు కూడా ప్యారట్ ఫిష్, పగడాన్ని కొరుకుతోంది. కొరికి, పిండి చేసి, వెనకనుంచి తెల్లటి పొడిలా వదిలేసింది, నా కళ్ళ ముందే, పొగలాగా జారింది. ఇలాంటి తెల్ల ఇసకలో చాలా భాగం అదేనని ఒడ్డుకొచ్చాక గైడ్ చెప్పాడు. మావారు తల తుడుచుకుంటూ ఒక్క నిమిషం ఆగి, "అయితే మనం నిన్న సాయంత్రం బోర్లా పడుకున్నది దాంట్లోనా?" అన్నారు.

తర్వాత నీల్ దీవి. చిన్నది, సైకిల్ మీద తిరిగేయొచ్చు, నాకు హావ్‌లాక్ కంటే ఇదే నచ్చింది. ఊళ్ళ పేర్లు చూడండి, సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, రామ్‌నగర్. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చినవాళ్ళకి ఇక్కడ భూములిచ్చారు, ఇప్పటికీ అందరూ బెంగాలీలే, వంకాయ తోటలూ సొర పాదులూ, దీవులకి కూరగాయలు పండించి పంపేది ఈ నీలే. అక్కడ సముద్రం మలిచిన రాతి వంతెన ఒకటి ఉంది, ఆటు సమయంలోనే దాని దగ్గరికి నడవగలం, పోటొస్తే రాళ్ళన్నీ మునిగిపోతాయి. హోటల్ వాళ్ళు చెప్పిన టైమ్ తప్పు. ఈయన ఒడ్డున నిలబడి తడి ఇసక గీత చూసి "నీరింకా దిగుతోంది, ఇంకో గంట పడతాది, టీ తాగొద్దాం" అన్నారు, నేను నమ్మలేదు, గంటకి సరిగ్గా రాళ్ళు తేలాయి. గుంటల్లో చిక్కుకున్న సముద్రపు దోసకాయలూ పీతలూ చూసుకుంటూ పోయాం. ఈయన సముద్రం పక్కన పెరిగిన మనిషని నాకు తెలుసు కానీ ఎప్పుడూ అవసరం పడలేదు, కూకట్‌పల్లిలో ఆటుపోట్లు ఎక్కడివి.

బారాటాంగ్ వెళ్ళలేదు, చాలామంది అడుగుతున్నారు కాబట్టి చెప్తున్నా. సున్నపురాయి గుహలు బాగుంటాయట, కానీ దారి జారవాలనే ఆదివాసుల అడవి మధ్యనుంచి, బళ్ళన్నీ కాన్వాయ్‌గా పోతాయి, ఫొటోలు నిషేధం. నిషేధమే కానీ "కనపడితే మీ అదృష్టం" అని ప్యాకేజీ వాళ్ళే చెప్తున్నారు. వాళ్ళ అడవిలో వాళ్ళుంటే మనం బస్సు కిటికీలోంచి చూడ్డమేంటి, నాకు మనసొప్పలేదు. వెళ్ళినవాళ్ళని ఏమనను, మేము వెళ్ళలేదు అంతే.

ఆఖరి రోజు మళ్ళీ పోర్ట్ బ్లెయిర్, మన డ్రైవర్ బాబే వచ్చాడు, ఫ్లైట్ మధ్యాహ్నం కాబట్టి పొద్దున్నే వండూర్ బీచ్‌కి తీసుకెళ్ళి, భోజనం మా ఇంట్లోనే అన్నాడు, కాదంటే బండి ఆపేలా ఉన్నాడు. దారిలో సిప్పీఘాట్ అని ఒక చోట రోడ్డుకి అటూ ఇటూ నీళ్ళు, మధ్యలో ఎండిపోయిన చెట్ల మోళ్ళు నిలబడి ఉన్నాయి. చెరువనుకున్నా. "ఇదంతా పొలమే అక్కా, సునామీకి ముందు" అన్నాడు. 2004 డిసెంబర్ 26న భూకంపానికి ఇక్కడ నేలే కిందకి దిగిపోయింది, ఉప్పునీరు వచ్చింది, వచ్చింది వచ్చినట్టు ఉండిపోయింది. మేము నీల్‌లో సైకిల్ తొక్కుకుంటూ తిరిగింది ఆ తారీఖునే, నాకు అప్పుడు గుర్తు కూడా రాలేదు.

వాళ్ళిల్లు రేకుల ఇల్లు, ముందు గులాబీ రంగు వేసిన అరుగు. వాళ్ళమ్మ పీట వేసుకుని కత్తిపీట దగ్గర చేప తోముతోంది, మమ్మల్ని చూసి చెయ్యి కొంగుకి తుడుచుకుంది. ఆవిడ పెళ్ళై వైజాగ్‌లో ఓడెక్కి వచ్చిందట, మూడు రోజులు అన్నం తినలేదట వాంతులకి, ఆ మాటతో నాకు ఆవిడ మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. చింతపండు పులుసూ, ఎర్రగా వేయించిన నెత్తళ్ళూ, ఊరి నుంచి ఎవరితోనో తెప్పించుకున్న జీడిపప్పు వేసి వంకాయ కూరా. ఆరు రోజులు హోటల్ తాలీలు తిన్న నోరు, ఎంత తిన్నానో చెప్తే బాగోదు.

ఆవిడ వడ్డిస్తూ మావారితో, "ఏ ఊరు బాబూ" అని అడిగింది. చెప్పారు. ఎవరబ్బాయివి అంది. మామగారి పేరు చెప్పారు. ఆవిడ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"కొబ్బరికాయల బండి తోలుకొచ్చేవోడు... ఆయన కొడుకువా?" అని, వెంటనే, "ఉన్నాడా?" అనబోయి, మావారి మొహంకేసి చూసి, "మీసముంది కదేటి. ఉన్నాడులే" అంది.

ఈయన చెయ్యి కడుక్కుని ఫోన్ చేశారు మామగారికి. స్పీకర్ పెట్టి ఆవిడ చేతికిచ్చారు. అవతల మామగారు "ఎవులు? ఎవులది?" అని అరుస్తున్నారు, ఆయనకి వినపడదు, ఈవిడ అంతకంటే గట్టిగా వాళ్ళ నాన్న పేరు చెప్పింది, వీధి పేరు చెప్పింది, రావిచెట్టు చెప్పింది. అటువైపు కాసేపు ఏమీ లేదు, లైను కట్టయిందనుకున్నాం. తర్వాత మామగారి నవ్వు వినపడింది, ఆయన నవ్వడం నేను ఎన్నిసార్లు విన్నానో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఇంక ఇద్దరూ మొదలుపెట్టారు, ఎవరు పోయారు, ఎవరి తోట ఎవరు కొన్నారు, తుఫానుకి ఎన్ని చెట్లు పడ్డాయి, ఎవరి మనవరాలు ఏం చదువుతోంది. సగం మాటలు నాకు అర్థం కాలేదు. మావారు అరుగు మీద కూర్చుని జిడ్డు మీసం దువ్వుకుంటూ, మధ్యమధ్యలో లోపలికి మాట అందిస్తూ, ఇంటి మనిషైపోయారు.

గడియారం చూస్తే పన్నెండూ పది. ఫ్లైట్ ఒకటిన్నరకి. ఈయనకి చెప్పా, వినలేదు. డ్రైవర్ బాబుకి చెప్పా, "ఐపోతాదక్కా" అన్నాడు, కదల్లేదు. పావుగంట చూసి గుమ్మంలోకి వెళ్ళి గట్టిగా, "ఏవండీ, బేగి రండి, ఫ్లైట్ ఎల్పోద్ది!" అన్నా.

లోపల మాటలు ఆగిపోయాయి. ముగ్గురూ నాకేసి చూశారు. ఫోన్లోంచి మామగారి గొంతు, "అదెవులు? కోడలేనా?"